పడమర చూసే తాండూరు

నవంబరు 1 దగ్గరపడితే పత్రికలవాళ్లకు ఆంధ్రప్రదేశ్ అవతరణ గుర్తొస్తుంది. నాకు తాండూరు గుర్తొస్తుంది. 1956లో ఆ రోజునే గుల్బర్గా జిల్లా నుంచి తాండూరు, కొడంగల్ తాలూకాలు ఇటు వచ్చి కలిశాయి. కాగితాల మీద ఊరు తూర్పుకు తిరిగింది. కాగ్నా నది మాత్రం తన మానాన పడమటికే పారుతోంది.

వికారాబాద్ గుట్టల నీళ్ల తీరే అంత. అనంతగిరిలో పుట్టిన మూసీ హైదరాబాద్ దారి పడుతుంది. కాగ్నా తాండూరు మీదుగా కన్నడసీమకు దిగి భీమలో కలుస్తుంది. చివరికి రెండూ చేరేది కృష్ణకే. ఆ కాగ్నా ఒడ్డునే, దిగువన మాల్ఖేడ్‌లో, రాష్ట్రకూటుల రాజధాని వెలిసింది. తర్వాత బహమనీలు, మొగలులు, నిజాములు... వెయ్యేళ్లను ఇలా దాటేస్తే చరిత్ర పంతుళ్లు కోప్పడతారు. ఏం చేయను, నా మనసంతా రైలు మీదుంది.

1874 అక్టోబరు. దివాను సాలార్‌జంగ్. గద్దె మీద ఆరో నిజాం, ఎనిమిదేళ్ల పిల్లాడు. బొంబాయి-మద్రాసు దారిలోని వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది, తాండూరు మీదుగా. దారిలోని వికారాబాద్‌కు పేరిచ్చిన వికారుల్ ఉమ్రా తర్వాత ఫలక్‌నుమా కట్టించిన పాయిగా నవాబే. ఆయన మహలును జనం ఇప్పటికీ చూసొస్తారు. నాకు మాత్రం మహలు కన్నా ఆ రైలెక్కిన తాండూరు బండరాయే ముద్దు.

తాండూరు నేల కింద సున్నపురాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్నదది. సందులో ఉలి పెట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలేస్తే పొర పలకలా లేస్తుంది. నీలం ఒకటి, పసుపు ఒకటి. నీళ్లు చల్లితే నీలం నల్లబడి నిగనిగలాడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా వేసుకోకుండా దాని మీద పడుకున్నవాళ్లకు ఏసీ గొప్పలు చెప్పకండి. రైలే లేకపోతే అంత బరువు అంతంత దూరం ఎలా పోయేదో!

ఆ తర్వాత కథ చిందరవందర. కరన్‌కోట్‌లో సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. పాలిషింగ్ యూనిట్లు, లారీలు, దుమ్ము వచ్చాయి. ఇళ్లలోకి టైల్స్ దూరాయి. జిల్లా పేరు హైదరాబాద్ పోయి 1978లో రంగారెడ్డి అయింది, 2016లో వికారాబాద్ అయింది. భద్రేశ్వరుడి జాతర మాత్రం తన జోరు తనదే. బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిపి బేరం ఆడితేనే ధర దిగుతుంది.

2022లో తాండూరు కందిపప్పుకు జీఐ ట్యాగ్ వచ్చింది. నల్లరేగడి మహిమట, త్వరగా ఉడుకుతుందట. అబద్ధమేం కాదు, మా ఇంట్లో రెండు విజిల్స్‌కే కుక్కర్ దించేస్తారు.