లెప్చా ప్రజలు

లెప్చాలు తూర్పు హిమాలయ ప్రాంతమునకు చెందిన ఒక ప్రాచీన ఆదివాసి జాతి. వీరు ప్రధానంగా సిక్కిం రాష్ట్రంలోను, పశ్చిమ బెంగాల్ లోని డార్జిలింగ్, కాలింపాంగ్ జిల్లాలలోను నివసిస్తారు. నేపాల్ లోని ఇలాం జిల్లాలోను, భూటాన్ నైఋతి భాగంలోను కొద్దిమంది ఉన్నారు. సిక్కిం మూలవాసులుగా వీరిని పరిగణిస్తారు. ఇతరులు వీరిని "లెప్చా" అని పిలుస్తుండగా, వీరు తమను "రోంగ్" అని చెప్పుకుంటారు.

పేరు పుట్టుక

"లెప్చా" అనునది నేపాలీ భాష మాట్లాడేవారు పెట్టిన పేరు. "అర్థంకాని మాటలు పలికేవారు" అను అర్థంగల "లాప్చే" అనే పదం నుండి ఇది వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. ఆ విధంగా మొదట ఇది చులకన చేసే మాట. కొండదారిలో పేర్చిన రాళ్ళకుప్పను తెలిపే పదమే దీనికి మూలమని మరికొందరి వాదన. కాలక్రమంలో పేరులోని చులకన మరుగునపడి, ప్రభుత్వ పత్రాలలో కూడా ఇదే స్థిరపడింది.

వీరి సొంత పేరు పూర్తి రూపం "ముతాంచి రోంగ్‌కుప్ రుమ్‌కుప్". రోంగ్ భాషలో "కుప్" అనగా బిడ్డ, "రుమ్" అనగా దేవుడు. "రోంగ్ బిడ్డలు, దేవుని బిడ్డలు" అని దీని భావం. 1876లో మెయిన్‌వారింగ్ వెలువరించిన వ్యాకరణ గ్రంథం శీర్షికలో రోంగ్, లెప్చా అను రెండు పేర్లూ ఉన్నాయి.

నేలతో సంబంధం

తమ భూమిని వీరు "మాయెల్ ల్యాంగ్" అంటారు. తొలి దంపతులైన ఫుదోంగ్‌థింగ్, నజోంగ్‌న్యూలను ఇత్బుము అనే సృష్టికర్త్రి కాంచనజంగ శిఖరపు మంచుతో చేసిందని వీరి విశ్వాసం. అందువలన తాము ఎక్కడినుండో వలస వచ్చినవారము కాదని వీరు గట్టిగా చెబుతారు. లెప్చా పెద్ద థెకోంగ్ టెక్, టిబెట్ నుండి వచ్చిన ఖ్యే బుమ్సా కబీ లుంగ్‌చోక్ వద్ద రక్తసోదరులైనారని ఐతిహ్యం. 1642లో నంగ్యాల్ వంశ పాలన ఆరంభమైనది. 19వ శతాబ్దంలో నేపాల్ నుండి వలసలు పెరగడంతో లెప్చాలు అల్పసంఖ్యాకులైనారు.

నేటి గుర్తింపు

1978లో సిక్కిం లెప్చాలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. ఉత్తర సిక్కిం లోని జోంగు ప్రాంతం వీరికి ప్రత్యేకించబడింది. తీస్తా నదిపై జలవిద్యుత్ ప్రాజెక్టులు ఈ పవిత్రభూమికి ముప్పు అని 2007లో లెప్చా యువకులు నిరాహారదీక్షలు చేశారు.

లెప్చా భాష టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందినది. దీనికి సొంత లిపి ఉన్నది. ఆ లిపి 2008లో యూనికోడ్ లో చేరింది. సిక్కిం పాఠశాలలలో ఈ భాషను బోధిస్తున్నారు. అయినను ఇళ్ళలో నేపాలీ వాడుక పెరగడం వలన, యునెస్కో దీనిని అంతరించే ప్రమాదమున్న భాషలలో చేర్చినది. ఒకనాడు అర్థంకాని మాటలని ఇతరులు చులకన చేసిన భాషే నేడు రోంగ్ జాతి గుర్తింపునకు ముఖ్యమైన ఆధారం.