ఫోర్డ్ కంటే ముందే అమెరికాలో కార్లు అమ్మిన అన్నదమ్ములు.. మూడేళ్లకే మూతపడిన కంపెనీ!

అమెరికా కారు అనగానే చాలామందికి గుర్తొచ్చే పేరు హెన్రీ ఫోర్డ్. కానీ ఫోర్డ్ మోటార్ కంపెనీ పుట్టింది 1903లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1895లో పెట్రోల్ కార్లు తయారుచేసి అమ్మడానికే ఓ కంపెనీ మొదలైంది. అదే డ్యూరియా మోటార్ వ్యాగన్ కంపెనీ. ఊరు మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్.

పాత బగ్గీకి ఇంజిన్

చార్లెస్, ఫ్రాంక్ డ్యూరియా అన్నదమ్ములు. సైకిళ్ల పనిలో చేయి తిరిగినవాళ్లు. 70 డాలర్లకు ఓ పాత గుర్రపు బగ్గీ కొని, దానికి ఒకే సిలిండర్ ఉన్న పెట్రోల్ ఇంజిన్ బిగించారు. 1893 సెప్టెంబర్‌లో ఆ బండి గుర్రం లేకుండానే స్ప్రింగ్‌ఫీల్డ్ రోడ్డెక్కింది. అప్పటికే అన్న చార్లెస్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాకు వెళ్లిపోయాడు. దగ్గరుండి బండిని పూర్తిచేసింది తమ్ముడు ఫ్రాంకే.

మంచులో రేసు

1895 నవంబర్ 28న షికాగోలో ఓ పత్రిక కార్ల రేసు పెట్టింది. ఎవాన్‌స్టన్ దాకా వెళ్లి తిరిగి రావాలి. దూరం దాదాపు 87 కిలోమీటర్లు. రోడ్ల నిండా మంచు. బయల్దేరిన బండ్లు ఆరైతే, చివరిదాకా వచ్చినవి రెండే. దారిలో స్టీరింగ్ భాగం విరిగితే ఫ్రాంక్ బాగు చేయించుకుని మరీ ముందుకెళ్లాడు. సుమారు 10 గంటల తర్వాత గెలిచి, 2,000 డాలర్ల బహుమతి కొట్టాడు. రెండో స్థానం జర్మనీ బెంజ్ కారుది.

ఒకే డిజైన్.. 13 కార్లు

ఆ గెలుపుతో పేరు మార్మోగింది. 1896లో కంపెనీ ఒకే నమూనాలో 13 కార్లు తయారుచేసింది. ఒకే డిజైన్‌తో వరుసగా కార్లు చేసి అమ్మడం అమెరికాలో అదే మొదలని చెబుతారు. అదే ఏడాది న్యూయార్క్‌లో ఓ డ్యూరియా కారు సైకిల్‌ను ఢీకొట్టింది. అమెరికాలో నమోదైన తొలి కారు ప్రమాదాల్లో ఇదొకటి.

అన్నదమ్ముల గొడవ

పేరైతే వచ్చింది కానీ ఇంట్లో పొత్తు కుదరలేదు. 1898 నాటికి కంపెనీ కథ ముగిసింది. ఎవరి దారి వారిదైంది. ఫ్రాంక్ 'స్టీవెన్స్-డ్యూరియా' కార్లతో కొన్నేళ్లు నిలదొక్కుకున్నాడు. చార్లెస్ పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో మూడు చక్రాల కార్లు చేశాడు.

మొదటి కారు ఘనత ఎవరిది? ఊహ తనదని అన్న, చేతిపని తనదని తమ్ముడు. 1938లో చార్లెస్ చనిపోయాక కూడా ఈ పంచాయితీ తెగలేదు. ఫ్రాంక్ 1967 దాకా బతికాడు.

ఆ 1893 నాటి బండి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సొత్తు. 1896 నాటి 13 కార్లలో ఒకటి డియర్‌బోర్న్‌లోని మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం పెట్టింది ఎవరో కాదు.. హెన్రీ ఫోర్డే!