ఐదు తీగల రిమోట్

మన ఇళ్లలో దాన్ని ఎవరూ కంట్రోలర్ అనలేదు. టీవీ గేమ్ రిమోట్ అన్నాం, కొందరు జాయ్‌స్టిక్ అన్నారు. ఎడమ బొటనవేలికి ప్లస్ గుర్తులాంటి బటన్, కుడివైపు ఎ, బి, మధ్యలో సెలెక్ట్, స్టార్ట్. తొంభైల్లో పిల్లలున్న ఇళ్లలో చాలాచోట్ల అటక మీద వెతికితే ఇప్పటికీ ఒకటి దొరుకుతుంది. దాన్ని ఈ కాలపు కన్సోల్‌కు తగిలించొచ్చా అనే ప్రశ్న ఈమధ్య మా ఇంట్లో లేచింది. దాని వెంట పడితే నలభై ఏళ్ల కథ బయటికొచ్చింది.

ఆ ప్లస్ బటన్ వెనక గున్‌పెయ్ యొకొయ్ అనే ఆయన ఉన్నాడు. 1965లో నింటెండోలో చేరింది పేకముక్కలు తయారుచేసే యంత్రాలు బాగు చేయడానికి! ఆయన ఆలోచనతోనే 1982లో చేతిలో పట్టుకునే డాంకీ కాంగ్ ఆటకు ఆ బటన్ వచ్చింది. అంతకుముందు అటారీ వాళ్లది గేరు కర్రలాంటి జాయ్‌స్టిక్. 1983 జూలై 15న జపాన్‌లో ఫామికామ్ అనే ఆటపెట్టె విడుదలైంది, దానికి ఇదే బటన్ పెట్టారు. మొదట్లో ఎ, బి బటన్లు చదరంగా, మెత్తటి రబ్బరుతో ఉండేవి. అవి ఇరుక్కుపోతున్నాయని గుండ్రటి ప్లాస్టిక్‌వి పెట్టారు. ఇంట్లో పిల్లలు వస్తువుల్ని ఎలా వాడతారో కంపెనీలకు కూడా వాడాకే తెలుస్తుందన్నమాట.

మన దాకా వచ్చింది మాత్రం అసలు ఫామికామ్ కాదు. దాని నకళ్లు. సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో మన దేశంలో అమ్మారు. పేరు కూడా లేనివి అంతకంటే ఎక్కువ. క్యాసెట్ మీద 'వందల ఆటలు' అని రాసి ఉండేది, తెరిస్తే అవే పది ఆటలు మళ్లీ మళ్లీ. నకలు అని చిన్నచూపు చూడొద్దు. మధ్యతరగతి ఇంట్లోకి వీడియో గేమ్ ఆ దారినే వచ్చింది. నకలు చేసినవాళ్లు ఒక మేలు కూడా చేశారు. అసలు ఫామికామ్‌లో రిమోట్ తీగ పెట్టెలోకే అతికి ఉండేది. నకళ్లలో చాలావాటికి దాన్ని ఊడదీసే ప్లగ్గు పెట్టారు, తొమ్మిది రంధ్రాలది. మా కథకు అదే ఆధారం.

మాది సురంగల్. మా చిన్న మరిది దుబాయ్‌లో ఉంటాడు, రెండేళ్లకోసారి వస్తాడు. కిందటిసారి వచ్చినప్పుడు మా బాబుకు నింటెండో స్విచ్ తెచ్చాడు. చిన్నాయనతో కలిసి ఆడాలని వాడి ఆశ. కానీ ఆ కొత్త రిమోట్‌కు అన్నివైపులా బటన్లే. మరిది పావుగంట ఆడి, నవ్వి, పక్కన పెట్టేశాడు. ఉన్నది నెలరోజుల సెలవు. ఆ నెలలో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చునేది ఎంతసేపు? అందుకే ఆయన చిన్నప్పటి రిమోట్‌నే స్విచ్‌కు పెట్టాలని బాబు పట్టుబట్టాడు. మా ఊళ్లో ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి చూసి, తీగ కోసి నేరుగా అతికిస్తే తేలిక అన్నాడు. అప్పటికే దుబాయ్ వెళ్లిపోయిన మరిదికి ఫోన్ చేశాను.

"వైరు కోయకుండ్రి వదినా. దాని పెట్టె ఇంకా పన్జేస్తది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో పని కష్టమైంది, అయితే మంచిదే అయింది. తీగ కోస్తే పాత పెట్టె మూగబోతుంది. కోయకుండా చేయాలంటే ముందు ఆ రిమోట్ ఏం మాట్లాడుతుందో తెలుసుకోవాలి.

అటారీ జాయ్‌స్టిక్‌లో ఒక్కో స్విచ్‌కు ఒక్కో తీగ. ఫామికామ్ రిమోట్‌లో ఎనిమిది బటన్లున్నా తీగలు ఐదే. రెండు కరెంటుకు, మూడు మాటలకు. లోపల 4021 అనే చిన్న చిప్ ఉంటుంది. చౌక నకళ్లలో దాని బదులు తారుబొట్టులాంటి నల్లటి మచ్చ ఉంటుంది, పని అదే. బళ్లో హాజరు పట్టీ గుర్తు తెచ్చుకోండి. పెట్టె ఒక తీగ మీద "అందరూ కదలకండి" అంటుంది. రెండో తీగ మీద ఒక్కో పేరూ పిలుస్తుంది: ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. మూడో తీగ మీద జవాబు వస్తుంది. ఈ హాజరు సాధారణంగా సెకనుకు 60 సార్లు!

1990లో సూపర్ ఫామికామ్ వచ్చినప్పుడు కూడా నింటెండో ఈ పద్ధతి మార్చలేదు, ఎనిమిది పేర్లు పదహారు చేసిందంతే. ప్లగ్గు రూపం మాత్రం మార్చింది. అంటే పాత రిమోట్‌ను కొత్త పెట్టెకు పెట్టడానికి అప్పట్లో ప్లగ్గు మారిస్తే చాలు. ఆ తర్వాతి పెట్టెలతోనే భాష పూర్తిగా మారిపోయింది, మధ్యలో దుబాసీ కావాల్సి వచ్చింది. 2005లో ఇటలీలో మొదలైన ఆర్డుయినో లాంటి చిన్న బోర్డులు ఆ దుబాసీని సామాన్యుల చేతికి తెచ్చాయి. మేము వాడింది 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో. బిస్కెట్ ముక్కంత ఉంటుంది.

సామాను కోసం మెహదీపట్నం మీదుగా కోఠి వెళ్లాం. అప్పా జంక్షన్ దాకా రోడ్డు పక్క మర్రిచెట్లను చూస్తూ వెళ్లడం నాకు ఎప్పుడైనా ఇష్టమే. గుజరాతీ గల్లీలో తొమ్మిది పిన్నుల సాకెట్ వెంటనే దొరికింది. పాత కంప్యూటర్ల వెనక ఉండేదీ ఇదే. రూపం ఒకటే కదా అని రిమోట్‌ను ఆ కంప్యూటర్లకు మాత్రం గుచ్చకండి. అక్కడ వచ్చే వోల్టేజీ వేరు, చిప్ కాలిపోతుంది. నకళ్లలో పిన్నుల వరుస అన్నిటికీ ఒకేలా ఉండదు, తీగల రంగుల్నీ నమ్మలేం. మీటరు పెట్టి చూసుకోవాల్సిందే. పాత పెట్టె ఇచ్చేది 5 వోల్టులు, పికో పిన్నులకు 3.3 దాటకూడదు. ఆ అబ్బాయి రిమోట్‌కు కూడా 3.3 ఇచ్చి నడిపాడు.

నా వంతు పని బటన్ల కింది రబ్బరు. దాని మీది నల్లపూత, బోర్డు మీది గీతలు మురికి పట్టి ఉన్నాయి. గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. బి బటన్ ఒకవైపు అరిగి నున్నగా ఉంది. మా మరిది వేలు అరగదీసింది అది.

ఇక పెట్టె ఒప్పుకోవాలి. స్విచ్‌కు 2017లో వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత, పోకెన్ ఆట కోసం హోరి కంపెనీ వేరే పెట్టెకు చేసిన తీగ రిమోట్ కూడా పనిచేయడం మొదలైంది. ఇంట్లో చేసుకునే చాలా బోర్డులు "నేను ఆ రిమోట్‌నే" అని చెప్పుకుని లోపలికి వెళ్తాయి. మాదీ అంతే. స్విచ్ మొదట ఎల్, ఆర్ రెండూ నొక్కమంటుంది. పాతదానికి అవి లేవు కాబట్టి సెలెక్ట్‌తో పైకి నొక్కితే ఆ రెండూ నొక్కినట్టు రాశాడు ఆ అబ్బాయి.

అన్ని పెట్టెలూ ఇలా ఒప్పుకోవు. ప్లేస్టేషన్ 4 రిమోట్‌ను గుర్తింపు చూపమంటుంది, చూపకపోతే ఎనిమిది నిమిషాల్లో వదిలేస్తుంది. మైక్రోసాఫ్ట్ 2023 నవంబర్‌లో అనుమతి లేని రిమోట్లు ఎక్స్‌బాక్స్‌లో పనిచేయకుండా ఆపింది. ఆటలో మోసం ఆపడానికి అన్నవాళ్ల మాటలో కొంత నిజముంది. కానీ చేతులు సరిగా ఆడనివాళ్లు సొంతంగా మార్చుకున్న రిమోట్లు కూడా ఆ గుంపులో పడతాయి, అది నాకు నచ్చలేదు. 1989లోనే నింటెండో చేతులు వాడలేనివాళ్ల కోసం గడ్డంతో, ఊపిరితో ఆడే పరికరం తెచ్చింది. 2018లో ఇదే మైక్రోసాఫ్ట్ ఎవరికి కావలసిన స్విచ్ వాళ్లు గుచ్చుకునే అడాప్టివ్ కంట్రోలర్ అమ్మింది. ఒక చేత్తో తెరిచిన తలుపు ఇంకో చేత్తో ఎందుకు మూయడం?

మరిది దసరాకు వస్తానన్నాడు. ఇప్పటికే వీడియో కాల్‌లో రిమోట్ చూపించి బాబు ఒకటే గొప్పలు. ఇక బాతుల్ని కాల్చే తుపాకీ కూడా చేయమని అడుగుతున్నాడు. అది కుదరదు. ఆ తుపాకీ కాల్చదు, చూస్తుంది. నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది, దాన్ని తుపాకీలోని కన్ను పట్టుకోవాలి. ఆ మెరుపు లావుపాటి పాత టీవీలో వచ్చినట్టు ఇప్పటి పలచటి తెరలో రాదు. మా పాత టీవీ ఎప్పుడో పాత సామాను బండి ఎక్కింది. మీ ఇంట్లో నడిచేది ఉంటే మాత్రం పారేయకండి, మా వాడు చూడ్డానికి వస్తాడు.