తాత్పర్యం నుండి శీర్షిక దాకా: తెలుగు పఠనబోధనలో ప్రధానభావాన్వేషణ

తెలుగు వాచకాల్లో పద్యం కింద ప్రతిపదార్థం, దాని కింద తాత్పర్యం ఉండడం పరిపాటి. ఇక్కడ తాత్పర్యమంటే పద్యాన్ని వాడుక వచనంలో తిరిగి చెప్పడమే. శాస్త్రపరిభాషలో ఈ మాటకున్న అర్థం ఇది కాదు. ఒక వాక్యంగాని ఒక ప్రకరణంగాని దేనిని చెప్పడానికి ప్రవృత్తమైందో, దేనియందు 'తత్పరమై' ఉందో అది తాత్పర్యం. ఈనాడు పఠనబోధనలో 'ప్రధానభావం' అని వ్యవహరిస్తున్నది దాదాపు ఇదే. శాస్త్రంలోని తాత్పర్యం బడిలో వచనానువాదంగా కుదించుకుపోవడం కేవలం అర్థసంకోచం కాదు. పిల్లవాడు చదివినదానిలో అసలు విషయాన్ని పట్టుకోవడం నేర్పే పని తెలుగు బోధనలో ఎక్కడ తప్పిపోయిందో ఆ సంకోచమే చూపుతుంది.

ప్రకరణ తాత్పర్యాన్ని నిర్ణయించడానికి మీమాంసా వేదాంత సంప్రదాయం ఆరు లింగాలను చెప్పింది: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ఆరంభమూ ముగింపూ దేనిమీద ఏకీభవిస్తున్నాయి, మాటిమాటికీ వస్తున్నదేమిటి, మరోచోట దొరకనిది ఇక్కడ కొత్తగా చెప్పిందేమిటి, తెలిసినందువల్ల ప్రయోజనమేమిటి, పొగడ్తగానో తెగడ్తగానో పక్కన చేరినది ఏది, యుక్తి దేనిని బలపరుస్తున్నది అని ఇవి అడుగుతాయి. సదానందుడి వేదాంతసారం వంటి ప్రకరణగ్రంథాల్లో ఇవి పాఠ్యంగానే ఉన్నాయి. అయితే ఈ పరికరం శాస్త్రాధ్యయనం చేసే ప్రౌఢులకే దక్కింది. ఉపనిషద్వాక్యాలకు వర్తించిన ఈ ప్రశ్నలను చిన్నపిల్లల కథకు వర్తింపజేయాలన్న ఆలోచన ప్రాథమిక బోధనలో కనిపించదు.

బడికి అందినది కావ్యవ్యాఖ్యాన పద్ధతి. పదచ్ఛేదం, పదార్థం, విగ్రహం, అన్వయం, ఆక్షేపసమాధానాలు దాని అంగాలు. మెదకు సీమలోని కొలిచెలమ వంశీయుడు మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు చేసిన వ్యాఖ్యలు ఈ పద్ధతికి పరాకాష్ఠ. మూలంలో లేనిది రాయకుండా, అవసరం లేనిది చెప్పకుండా శ్లోకాన్ని విప్పడం ఆయన నియమం. ఈ పద్ధతికి ప్రమాణం శ్లోకం. సర్గ మొత్తం ఏ భావం వైపు నడుస్తున్నదో అడగడం దాని ప్రధానోద్దేశం కాదు. పండితుడికి ఆ లోటు తెలియదు, ఎందుకంటే కావ్యమంతా అతని మనసులో ముందే ఉంటుంది. పది పద్యాలు మాత్రమే చదివిన బాలుడి స్థితి వేరు.

వీధిబడుల్లో పఠనం ఎలా సాగేదో తెలిపే ఆధారాల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి.కాంప్‌బెల్ నివేదిక ముఖ్యమైనది. 1822లో థామస్ మన్రో ఆదేశించిన విచారణకు సమాధానంగా 1823 ఆగస్టులో ఆయన దీనిని పంపాడు. ఆ జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క చూపాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతినీ, తక్కువ ఖర్చుతో రాత నేర్పడాన్నీ మెచ్చుకున్నాడు. కాని పిల్లలు అసంఖ్యాకంగా పద్యాలు ఒప్పజెప్పగలిగినా వాటి అర్థం చిలుకకు తెలిసినంతే తెలుసునని, పుస్తకాల భాష మాట్లాడే భాషకు దూరంగా ఉండడం అందుకు కారణమని రాశాడు. ఈ మాటను పాలకుడి తేలిక చూపుగా తోసిపుచ్చలేం. 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించిన వ్యక్తి రాసిన మాట ఇది. అదే సమయంలో దీనిని పూర్తిగా అంగీకరించనూ లేం. కంఠస్థమైన పద్యం పిల్లవాడి వెంట జీవితాంతం నడుస్తుంది, అర్థం తరవాతి వయసులో తెరుచుకుంటుందన్న ఆశ ఆ పద్ధతిలో అంతర్లీనంగా ఉంది. అయితే రెండుమూడేళ్లు చదివి సేద్యానికో వృత్తికో మళ్లిన పిల్లలకు ఆ 'తరవాతి వయసు' బడిలో రాలేదు.

ముద్రిత వాచకాల కాలంలో పద్యం పక్కన కథ చేరింది. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) దీర్ఘకాలం పాఠ్యగ్రంథంగా నిలిచింది. కథల్లో ప్రధానభావం దొరకడం సులువనిపిస్తుంది కాని ఇక్కడే చిక్కు ఉంది. పంచతంత్ర హితోపదేశ సంప్రదాయంలో నీతి ముందుగా సూచితమై, దానికి దృష్టాంతంగా కథ వస్తుంది. వెతకవలసినది వెతకకముందే చేతికి అందుతుంది. పైగా ఆ కథను దాని చట్రం నుండి విడదీసి వాచకంలో పెట్టినప్పుడు భావమే మారిపోతుంది. ముసలి పులి, బంగారు కంకణం కథ ఇందుకు మంచి ఉదాహరణ. విడిగా చదివిన పిల్లవాడు 'దురాశ దుఃఖానికి చేటు' అంటాడు. అది తప్పు కాదు, చాలదు. కథలో మాటిమాటికీ వచ్చేది పులి ధర్మోపన్యాసం. బాటసారి మొదట శంకిస్తాడు, కంకణం చూపమంటాడు, నిన్నెలా నమ్మడమని అడుగుతాడు. పులి తన ముసలితనాన్నీ దానవ్రతాన్నీ ఏకరువు పెడుతుంది. బురదలో దిగబడ్డాక అతడు విచారించేది క్రూరుణ్ణి నమ్మినందుకు. చిత్రగ్రీవుడు ఈ కథ చెప్పే సందర్భమూ అదే: మనుషులు లేని అడవిలో నూకలెలా వచ్చాయన్నది అతడి శంక. ఉపక్రమం, అభ్యాసం, ఉపసంహారం మూడూ నమ్మకాన్నే చూపుతున్నాయి. ఆశ అందుకు దారి మాత్రమే. ఆరు లింగాల్లో మూడింటిని పన్నెండేళ్ల పిల్లవాడు కూడా వాడగలడని ఈ ఒక్క కథ తెలుపుతుంది. ముందే తెలిసిన సామెతను కథకు అంటించడానికీ, కథ నుండి భావాన్ని రాబట్టడానికీ ఉన్న దూరం కూడా ఇదే.

20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తరాంధ్రలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ.యేట్స్ బోధనభాషకూ వాడుకభాషకూ ఉన్న ఎడాన్ని ప్రశ్నించాడు. గిడుగు రామమూర్తి, పి.టి.శ్రీనివాస అయ్యంగార్, గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను ఉద్యమంగా మలిచారు. 1914లో గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం దాని ముఖ్యఘట్టాల్లో ఒకటి. ఈ వివాదాన్ని సాధారణంగా శైలీవివాదంగా చదువుతారు. పఠనబోధన దృష్టితో చూస్తే అందులో మరో అంశం ఉంది. పాఠం గ్రాంథికంలో, జవాబూ గ్రాంథికంలో ఉన్నప్పుడు మూలంలోని సమాసాలను అటుయిటు జరిపి సారాంశం తయారుచేయవచ్చు. భావం తెలిసిందా లేదా అన్నది పరీక్షకుడికి అంతుపట్టదు. సొంత మాటల్లో చెప్పమనాలంటే ముందు సొంత మాటలకు బడిలో చోటుండాలి. సవర పిల్లల కోసం సవరభాషలోనే వాచకాలు సిద్ధం చేసిన గిడుగుకు ఇది సిద్ధాంతం కన్నా ముందు అనుభవం.

వాడుకభాష గెలిచింది కాని చిక్కు పూర్తిగా తీరలేదు. 2011 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రం వెనువెంట వచ్చిన తెలుగు వాచకాల్లో 'అవగాహన-ప్రతిస్పందన' శీర్షిక కింద అపరిచిత గద్యం చదవడం, కీలకపదాలు గుర్తించడం, పేరాకు పేరు పెట్టడం, చదివి ప్రశ్నలు తయారుచేయడం వంటి అభ్యాసాలు చేరాయి. వీటిలో పేరు పెట్టమనే అభ్యాసం శాస్త్రార్థంలోని తాత్పర్యనిర్ణయానికి అతి సమీపమైనది. ప్రశ్నలు తయారుచేయమనడం అంతకంటె కఠినం. ఏది అడగదగినదో తెలియాలంటే ఏది ప్రధానమో ముందు తెలియాలి. ఇవి రెండూ పరిచిత పాఠాల దగ్గరికి వచ్చేసరికి బలహీనపడతాయి. పాఠ్యభాగ సారాంశం గైడులో అచ్చయి ఉంటుంది. విద్యార్థి దానిని కంఠస్థం చేస్తాడు, మూల్యాంకనంలో దానికి మార్కులు పడతాయి. కాంప్‌బెల్ నాడు కంఠస్థమైనది కనీసం పద్యం, ఇప్పుడు దాని స్థానంలో ఉన్నది ఎవరో రాసిపెట్టిన సారాంశం. శీర్షిక విషయంలో మాత్రం గైడుకు పట్టు చిక్కలేదు. ఒకే పేరాకు నలుగురు పిల్లలు నాలుగు పేర్లు పెట్టి, ఏది ఎందుకు సరిపోతుందో పేరాలోని వాక్యాలు చూపి వాదించుకోగల తరగతిలో ఉపపత్తి తన పేరు చెప్పుకోకుండానే పనిచేస్తుంది.