నల్లగొండ సీమయందు బాప్తిస్టు సంఘము: పుట్టుక, పెంపు



దామరచర్ల నల్లగొండ జిల్లాకు దక్షిణపు గడప వంటిది. ఈ మండలములోని వాడపల్లియొద్ద మూసీనది కృష్ణవేణిలో కలియుచున్నది. పూర్వము ఏటి కీవల నిజాము రాజ్యము, ఆవల ఆంగ్లేయుల యేలుబడిలోని పలనాడు. ఆ సంగమక్షేత్ర మాహాత్మ్యమును గొనియాడినవారు పెక్కండ్రు గలరు. ఊరికి వెలుపల గూడెములందు బ్రదికినవారి చరిత్రమును వ్రాసినవా రరుదు. ఆ చరిత్రములో బాప్తిస్టు సంఘముయొక్క పెంపు ఒక ముఖ్యాధ్యాయము.

అమెరికా బాప్తిస్టులు పంపగా శామ్యూలు డే దొర 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరియందు నెలకొనెను. బహుకాల మా ప్రయత్నము ఫలింపలేదు. దానిని విడిచిపెట్టుదమా యని స్వదేశమున పలుమారులు చర్చ జరిగెను. ఒంటరిగా మినుకుమను చుక్కతో దానిని పోల్చుటచే ‘ఒంటి నక్షత్రము’ అను పేరు వచ్చెను. లైమన్ జ్యూయెట్ దొర 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండపై కొందరితో ప్రార్థించెననుట ఆ సంఘమువారందరు నెరిగిన కథయే.

1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. ఆ సంవత్సరముననే తోళ్ల వ్యాపారము చేయు ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. ఈయన మన మాదిగ కులమువాడు. అంతకుముందే యోగమార్గమున సత్యము నన్వేషించినవాడు. ఆయనకు విద్య దొరలు పెట్టిన భిక్షగా మొదలుకాలేదు. జిజ్ఞాస ముందే యుండెను. అథాతో బ్రహ్మజిజ్ఞాస యని సూత్రకారు డన్న యా జిజ్ఞాసకు కులము లేదని పేరయ్య జీవితమే సాక్ష్యము. మన పెద్దల యిట్టి కథలను క్లౌ దొర భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ‘చెప్పులు కుట్టుచు’ అను నర్థముగల పేరుతో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను.

మాదిగలు చేరుట చూచి అగ్రవర్ణములవారు తమ బాలురను మిషను బడి మాన్పించిరి. ఇరువురిలో నొకరిని విడువవలసి వచ్చినపుడు క్లౌ దొర మనవారినే చేపట్టెను. 1867 జనవరి 1న ఎనమండుగురు సభ్యులతో ఒంగోలు సంఘ మేర్పడెను. చేరినవారికి నియమములు మూడు: ఆదివారమున పని మానుట, చచ్చిన పశువు మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. ఇవి వినుటకు స్వల్పములు. కాని జాతరలో డప్పు కొట్టుట, పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవుట గ్రామపు కట్టుబాటై యున్న దినములలో ‘నేడు రాను’ అని కరణమునకు చెప్పుట సామాన్య ధైర్యము కాదు.

1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్లు గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. అన్నమునకై మతము మారిరను నింద రాకుండ పదునైదు మాసములు బాప్తిస్మము లాపివేసెను. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీట నిలిచి వారిని ముంచినవారు దొరలు కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆ పని నెరవేర్చిరి. బోధకుల శిక్షణకై 1872లోనే రామపట్నమున వేదాంత పాఠశాల వెలసియుండెను.

నిజాము రాజ్యమున 1875లో సికింద్రాబాదునందును, 1879లో హనుమకొండయందును మిషను స్థానములు స్థాపితములయ్యెను. నల్లగొండకు వచ్చినది అమెరికావాడు కాడు, రష్యాదేశపు మెన్నొనైటు బ్రదరను సమాజమువాడగు అబ్రహాము ఫ్రీసెన్. జర్మనీలోని హాంబర్గునందు చదివి, 1889లో ఈ దేశము చేరి, 1890లో నల్లగొండయందు స్థిరపడెను. రష్యాలోని రైతుసంఘములు ద్రవ్యము పంపగా, అమెరికా బాప్తిస్టుల యాజమాన్యమున పని నడచెను. సూర్యాపేట స్థానమును కూడ ఆ సమాజమువాడే యగు హూబర్టు దొర తెరచెను. 1914 యుద్ధముతోడను, 1917 విప్లవముతోడను రష్యా ద్రవ్యము నిలిచిపోయెను. అయినను ఇచ్చటి సంఘములు నిలిచెను. వేళ్లు పల్లెలలోనే పాతుకొనెననుట కింతకంటె నిదర్శన మేల?

ఈ పెంపునకు కారణములు విచారింతము. మొదటిది బంధుత్వము: వియ్యమువారి యూరినుండి వియ్యమువారి యూరికి వార్త ప్రాకెను. రెండవది అక్షరము: వాక్యము చదువవలెనన్న బడి కావలెను. మూడవది సంఘపాలన: బాప్తిస్టుల మతమున శిశువునకు బాప్తిస్మము లేదు, తెలిసి యొప్పుకొన్నవారికే నిమజ్జనము, ఒప్పుకొన్న ప్రతివానికిని సంఘనిర్ణయములలో మాట. ఊరి చావడిలో కూర్చుండ నోచుకొనని వానికి ఇది క్రొత్త గౌరవము. 1962లో తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశ మేర్పడుటతో పరిపాలన తెలుగువారిదయ్యెను.

ఇక నొక ముఖ్యవిషయము. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి గాని క్రైస్తవులకు విస్తరింపలేదు. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున చేర్పబడిరి. అందుచే ఒకే తాత మనుమలు రెండు పట్టికలలో నున్నారు. ఇది చూచి క్రైస్తవులైనవారు మనవారు కారను మాట అప్పుడప్పుడు వినవచ్చుచున్నది. పట్టికలు ప్రభుత్వమువి, రక్తసంబంధము మనది. గూడెములో వారు పొందిన యవమానము, వారు నేర్చిన మొదటి యక్షరము మన చరిత్రలోనివే. మందిరములలో సైతము మాల, మాదిగ భేదము పాటించుట ఉన్నచోట అదియు అంతే అనుచితము.

కావున మహాసభవారికి నా విన్నపము. ప్రాత సంఘములందు సభ్యుల పట్టికలు, బాప్తిస్మపు పుస్తకములు చెదలపాలు కాకమునుపే ప్రతులు వ్రాయింపవలెను. వృద్ధులు చెప్పు పెద్దల పేర్లను, మొదటి బడిపంతుళ్ల పేర్లను యువకులు ఊరూర సేకరింపవలెను. శాసనములు వేయించుకొనుటకు మన పూర్వులకు శక్తి లేకపోయెను. ఆ పట్టికలే వారి శాసనములు.

స్వస్తి.