నామము, లిపి, అర్థము: కామారెడ్డి, ఎల్లారెడ్డి గ్రామనామములు

నామమున కర్థ మెచ్చట నుండును? ఈ ప్రశ్నకు జపానుదేశమున దొరకు సమాధానము వేఱు, తెలుఁగుదేశమున దొరకు సమాధానము వేఱు. జపానీయులు తమ పేళ్లను చీనానుండి వచ్చిన భావలిపితో వ్రాయుదురు. ‘తనకా’ యను వంశనామమున వరిపొలము, నడుమ అను నర్థములుగల రెండక్షరము లున్నవి. ‘యమమోతో’ యనునది కొండ, మొదలు అను రెంటి కూర్పు. వ్రాఁతను జూచిన చదువరికి భావము వెంటనే తోఁచును. చెవితో విన్నవాని కంత సులభముగాఁ దోఁపదు. ‘హిరోషి’ యను పురుషనామమును ఔదార్యార్థకమగు నక్షరముతోను వ్రాయవచ్చును, వైశాల్యార్థకమగు నక్షరముతోను వ్రాయవచ్చును. కావున బిడ్డకుఁ బేరు పెట్టు తల్లిదండ్రులు ధ్వనితోపాటు వ్రాఁతనుగూడ నెన్నుకొందురు.

ఆ దేశమున లిపి యర్థమును దెలుపుటయేకాక కల్పించుటయుఁ గలదు. క్రీ. శ. 713 లో దేశ గ్రామనామములను మంగళకరములగు రెండక్షరములతో వ్రాయవలెనని రాజాజ్ఞ వెలువడినది. నీటియూట యని యర్థమిచ్చు ‘ఇజుమి’ ప్రాంతనామమున కొక్క యక్షరమే చాలును. అయినను శాంతివాచకమగు మఱియొక యక్షరమును దానికి ముందు చేర్చిరి. దాని నెవ్వరును బలుకరు. కంటికి మాత్రమే కనఁబడును! ఇఁక సామాన్యజనులకు వంశనామములు ధరించు ననుమతి 1870 లోను, తప్పక ధరింపవలెనను శాసనము 1875 లోను గలిగినవి. పొలము, కొండ, వాగు మొదలగు స్థలవాచకములే యచ్చటి వంశనామములలో మిక్కుటముగా నున్నవి.

కామారెడ్డి ప్రాంతమున నిది తలక్రిందయినది. ఇచ్చట మనుష్యుని పేరే యూరి కెక్కినది. దోమకొండ సంస్థానాధీశులలో నొకఁడగు కామిరెడ్డి పేర కామారెడ్డి వెలసినదని స్థానికుల ప్రతీతి. 2016 లో నిజామాబాదునుండి వేఱుపడిన యీ జిల్లాలోనే ఎల్లారెడ్డి, మాచారెడ్డి, రామారెడ్డి యను నూళ్లును గలవు. వీనియందు పల్లె, పేట, పురము అను నుత్తరపద మొక్కటియు లేదు. సమీపముననే యున్న నాగిరెడ్డిపేటలో నది నిలిచియున్నది. పురుషనామము దక్క మఱేమియు లేని గ్రామనామము లిట్లొక్కచోట గుమిగూడియుండుట గమనింపఁదగిన విషయము. మొదట నుత్తరపద ముండి, వాడుకలో జాఱిపోయెనని నా తలంపు.

రెడ్డిశబ్దము పూర్వము కులనామము కాదు. రట్టగుడి, రట్టడి అను శాసనరూపములు దానికి మూలములు. గ్రామాధికారమును దెలుపు పదవీనామమది. దోమకొండవారి యింటిపేరగు ‘కామినేని’ యందును కామశబ్దమే యున్నది. నాయకశబ్దభవమగు ‘నేఁడు’ నకు ‘నేని’ యౌపవిభక్తికరూపము. అనఁగా నొక ప్రాచీనపురుషుని పేరు ఇంటిపేరై, తరువాత ఆ వంశమువారికి మరల వ్యక్తినామమై, తుద కూరిపేరైనది కాఁబోలు. ఇందు మన్మథుని వెదకుట వ్యర్థశ్రమ.

ఎల్లారెడ్డి విషయము మఱికొంత చిక్కైనది. ‘ఎల్ల’ యనఁగా మేర; ‘ఎల్ల’ యనఁగా సమస్తము. నిఘంటువును విప్పి యీ రెంటిలో నొకదాని నేఱుకొని, పొలిమేరయందున్న యూరు గనుక ఎల్లారెడ్డి యయ్యెనని చెప్పుట సులభమే. కాని యది రెడ్డిశబ్దమును నిరర్థకముగాఁ జేయును. తెలంగాణమున ఎల్లమ్మను గొలుచువారు బిడ్డలకు ఎల్లయ్య, ఎల్లమ్మ, ఎల్లారెడ్డి యని పేళ్లిడుట ప్రసిద్ధము. కావున నూరికిఁ బురుషుఁడు, పురుషునకు దేవత మూలములు. దేవతానామమున కర్థ మేమను ప్రశ్న వేఱు. దానిని గ్రామనామముపై మోపరాదు. జపానీయుఁ డైనచో మేర యను నక్షరమో, సమస్తమను నక్షరమో వ్రాసి సందేహమును దీర్చియుండును. మన యక్షరములు ధ్వనిని మాత్రమే మోయును.

ఆ ధ్వనినైనను సరిగా మోయునా యన్నచో, హైదరాబాదు రాజ్యపు దస్తరములను దలంపవలెను. 1884 వఱకుఁ బారసీకము, తరువాత నుర్దూ రాజభాషలు. ఆ లిపిలో హ్రస్వస్వరములను సాధారణముగా వ్రాయరు. ఎకార ఇకారముల భేద మూహింపవలసినదే, ణకార ళకారములకుఁ జోటులేదు. తెలుఁగువాని నోట ఎకారము పదాదిని యకారచ్ఛాయతో వినఁబడుటచే, ఆంగ్లవ్యవహారమున ‘యెల్లారెడ్డి’ యే స్థిరపడినది.

వీనికంటె భిక్నూరు చరిత్రము బోధకము. షట్చక్రవర్తిచరిత్రము, శివధర్మోత్తరము రచించిన కామినేని మల్లారెడ్డి వంశమువారి రాజధాని బిక్కనవోలు. ‘వోలు’ పురవాచకమగు ‘ప్రోలు’ యొక్క రూపాంతరము. ‘బిక్కన’ వ్యక్తినామము కాఁదగును. తూర్పుగోదావరిలోని బిక్కవోలును దీనితో ముడిపెట్టరాదు. అది తూర్పుచాళుక్య గుణగ విజయాదిత్యుని ‘బిరుదాంక’ బిరుదమునుండి పుట్టినదని పరిశోధకు లందురు. రెండు పేళ్లు చెవి కొక్కటిగాఁ దోఁచినను పుట్టుకలు వేఱు.

మన బిక్కనవోలు క్రమముగా భిక్కనూరై, భిక్నూరైనది. ‘వోలు’ పోయి ‘ఊరు’ వచ్చినది, బకారము భకారమైనది. ఇప్పు డా భకారమును జూచువానికి భిక్షాశబ్దము తట్టును, భిక్షువులును దట్టుదురు. ఇజుమికిఁ జేరిన పలుకని యక్షరమువలెనే యీ యొత్తును వ్రాఁతలో వచ్చి చేరిన యర్థమే. భేద మొక్కటి: అచ్చట నది రాజాజ్ఞచే, తేదీతో సహా చేరినది, ఇచ్చట నే లేఖకుఁడు, ఏ దినమున, ఏ కాగితముపై నీ యొత్తును బెట్టెనో యెవ్వరును వ్రాసికొనలేదు.