కుక్కల్లో దురద, గోకుడు: అవగాహన చరిత్ర

కుక్క కాలిగోళ్లతో గోక్కోవడం, పళ్లతో కొరుక్కోవడం, పాదాలు విడవకుండా నాక్కోవడం, గోడకు ఒళ్లు రాసుకోవడం అన్నీ దురదకు గుర్తులే. దురద అనేక చర్మవ్యాధుల్లో కనిపించే లక్షణం. దాని మూలకారణాన్ని వెతకడం శతాబ్దాలుగా సాగింది.

1వ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో కాపలా కుక్కల గజ్జికి పూతమందు చెప్పాడు. ఈగలు కుట్టి పుండ్లు పడిన చెవులకు చేదు బాదం నూరి పట్టించమన్నాడు. ఫ్రాన్స్‌లో గాస్తోన్ ఫెబుస్ 1387లో మొదలుపెట్టిన వేట గ్రంథం గజ్జిని నాలుగు రకాలుగా విడదీసింది. 1687లో ఇటలీకి చెందిన బొనోమో, చెస్తోని మనుషుల గజ్జికి కంటికి సరిగా ఆనని పురుగు కారణమని చూపారు. కుక్క వెంట్రుకల కుదుళ్లలో ఉండే డెమోడెక్స్ పురుగును 1859లో లైడిగ్ వర్ణించాడు.

గోకుడు ఎలా జరుగుతుందో తేల్చిన ఘనత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పనిచేసిన చార్లెస్ షెరింగ్టన్‌ది. మెడ దగ్గర వెన్నుపామును కోసి, మెదడుతో సంబంధం తెంచిన కుక్కల మీద ఆయన పరిశోధించాడు. వీపు మీద, పక్కల మీద జీను పరిచినంత మేర ఎక్కడ తాకినా అదే వైపు వెనుక కాలు లేచి గోకేది. అవతలి కాలు బిగుసుకుని శరీరాన్ని నిలిపేది. పురుగు కుట్టినట్టు ఉండేందుకు సన్నని సూది ద్వారా స్వల్ప విద్యుత్తు పంపేవాడు. ప్రేరణ వేగం మార్చినా గోకుడు మాత్రం సెకనుకు నాలుగైదు సార్లే సాగేది. అంటే ఆ లయ వెన్నుపాములోనే పుడుతోంది. ఒక్కొక్కటిగా పనిచేయని రెండు బలహీన ప్రేరణలు పక్కపక్కన కలిస్తే గోకుడు మొదలయ్యేది. 1906లో వెలువడిన ఈ అద్భుతమైన పరిశీలనలు నాడీశాస్త్రానికి పునాదిరాళ్లు. 1932లో షెరింగ్టన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జ్ఞానానికి ఆ కుక్కలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

కాలు కదలిక అర్థమైనా, దురద ఎందుకు పుడుతుందన్న ప్రశ్న మిగిలింది. 1941లో విటిచ్ అనే అమెరికన్ వైద్యుడు పుప్పొడి పడని ఒక కుక్కను వర్ణించాడు. మనిషికి వచ్చే ఎలర్జీలు కుక్కకూ వస్తాయని దానితో తెలిసింది. 1966లో ఇషిజాకా దంపతులు ఐజీఈ ప్రతిరక్షకాన్ని కనుగొన్నాక ఎలర్జీ మూలాలు మరింత స్పష్టమయ్యాయి. దూకే పురుగులైన ఫ్లీల లాలాజలం పడని కుక్కకు కొద్దిపాటి కాట్లే చాలు, తోక మొదట్లో వెంట్రుకలు ఊడేదాకా కొరుక్కుంటుంది. ఆ పురుగుల గుడ్లు కుక్క పడుకునే గుడ్డల్లో, నేల పగుళ్లలో రాలిపడతాయి కాబట్టి కుక్కకు మాత్రమే మందు వేస్తే చాలదు. తెలుగు నేల వంటి వెచ్చని ప్రాంతాల్లో ఈ బెడద ఏడాది పొడవునా ఉంటుంది.

ఇంటర్‌ల్యూకిన్-31 అనే ప్రొటీన్ కుక్కల్లో దురద పుట్టిస్తుందని 2013లో వెల్లడైంది. దురద సంకేతాలను అడ్డుకునే ఒక్లాసిటినిబ్ మాత్రకు అదే ఏడాది అమెరికాలో అనుమతి లభించింది. ఆ తరువాత ఇంటర్‌ల్యూకిన్-31నే పట్టి ఆపే లోకివెట్మాబ్ సూదిమందు వచ్చింది. ఇవి దురదను తగ్గిస్తాయే తప్ప గజ్జి పురుగులను, ఫ్లీలను చంపవు. కాబట్టి ముందుగా పరాన్నజీవుల సంగతి పరీక్షించి తేల్చుకోవాలి.